ఎండుటాకు వరసలో ఎర్రముద్ద

అనగనగా కొండ మీద ఒక అడవి. ఆ అడవిలోకి రావడానికి దారులు బోలెడు. బయటికి పోవడానికి మాత్రం ఒక్కటే దారి.

ఆ దారి ఒక దుంగ. ఎప్పుడో పెద్ద గాలివానకి ఒక మద్దిచెట్టు కూలి లోయకి అడ్డంగా పడింది. ఇటు కొస కొండ మీద, అటు కొస అవతలి గట్టు మీద. దాని మీద ఒక్కసారికి ఒక్కరే నడవాలి. ఇద్దరు ఎక్కితే ఒకరు లోయలోకి పోతారు. ఎవరు పోతారో ముందుగా చెప్పలేం.

తిరిగి వచ్చేవాళ్ళు కింద రాళ్ళు పట్టుకుని పైకి ఎక్కేసేవారు. మరి ఆ రాళ్ళ మీదే దిగిపోవచ్చు కదా అంటారా? దిగి చూడండి. ఆ రాళ్ళ నిండా పాకుడు. ఎక్కేవాడికి గోళ్ళు సాయం చేస్తాయి, దిగేవాడికి ఎవరూ సాయం చెయ్యరు. పిట్టలు ఎగరలేవా అని కూడా అడుగుతారు, మీ సంగతి నాకు తెలుసు. వానాకాలంలో ఆ లోయలో వీచే గాలికి గద్ద కూడా రాతికి కొట్టుకుంటుంది. అందుకే పిట్టలు బుద్ధిగా కొమ్మల మీద కూర్చుంటాయి. కాబట్టి దారి ఒక్కటే. సరేనా?

ఆ దుంగకి కాపలా ఒక ఆడ ఉడుము. దాని పేరు పట్టక్క. ఉడుంపట్టు అన్న మాట మీరు వినే ఉంటారు. ఉడుము పట్టుకుంటే వదలదు. పట్టక్క గోళ్ళతోనూ వదలదు, మాటతోనూ వదలదు. "మంచిదే కానీ మహా మొండిది" అనేవారు అడవిలో అందరూ. "మొండిదే కానీ మంచిది" అని మాత్రం ఎవరూ అనేవారు కాదు. పట్టక్కకి ఆ సంగతి తెలుసు. తెలిసినా మారలేదు.

దుంగ ముందు మూడు వరసలు ఉండేవి. బాగా తొందర పని ఉన్నవాళ్ళు మెడలో గురిగింజ కట్టుకుని మొదటి వరసలో నిలబడాలి. మామూలు పని ఉన్నవాళ్ళు పచ్చాకు పెట్టుకుని రెండో వరసలో నిలబడాలి. ఇవాళ కాకపోతే రేపు వెళ్ళినా ఫరవాలేదు అనుకునేవాళ్ళది ఎండుటాకు వరస. అది మూడోది. గురిగింజ వరస ఖాళీ అయితేనే పచ్చాకు కదలాలి. పచ్చాకు వరస ఖాళీ అయితేనే ఎండుటాకు కదలాలి. పట్టక్క వాళ్ళ అమ్మ పెట్టిన కట్టుబాటు అది.

ఎవరి గుర్తు వాళ్ళే పెట్టుకునేవారు. ఎవరూ అబద్ధం ఆడేవారు కాదు. అందరూ సత్యసంధులని కాదు లెండి. అప్పట్లో దుంగ దాటించే మోతలు తక్కువ. పొద్దు వాలేలోగా మూడు వరసలూ ఖాళీ అయిపోయేవి. అబద్ధం ఆడితే వచ్చే లాభం ఏమీ లేదు, అందుకని ఆడేవారు కాదు.

ఎండుటాకు వరసలో రోజూ ఒక మోత పోయేది. అది ఒక బురద ముద్ద. నవ్వకండి, ఈ కథంతా ఆ ముద్ద మీదే నడుస్తుంది.

కొండ కొసన ఒక పెద్ద మడుగు ఉంది. దానికో మట్టికట్ట ఉంది. ఆ కట్టలో పీతమ్మ కాపురం. దుంగకి అవతల, కొంచెం కిందికి దిగితే, లేతగడ్డి పల్లం వస్తుంది. వానాకాలంలో అడవిలోని పిల్లలందరినీ అక్కడికే మేతకి పంపేవారు. కుందేలు పిల్లలు, లేడి పిల్లలు, కొండముచ్చు పిల్లలు, పంది పిల్లలు, ఆఖరికి అడవికి దొర అయిన అడవిదున్న ఒక్కగానొక్క దూడ కూడా అక్కడే. వాళ్ళని చూసుకోవడానికి దుప్పి అవ్వ ఉండేది. మడుగు కట్ట తెగితే నీళ్ళన్నీ లోయ మలుపు తిరిగి నేరుగా ఆ పల్లంలోకే వెళ్తాయి.

అందుకని పీతమ్మ రోజూ కట్ట నీటివైపు పైపొర నుంచి చారెడు మట్టి తీసి, ముద్ద చేసి, టేకాకులో చుట్టి పంపేది. కట్టకి పైన ఉండేది నల్లటి బంకమట్టి. నడిగర్భంలో ఉండేది ఎర్రమట్టి. ముద్ద నల్లగా ఉంటే కట్ట క్షేమం. ముద్ద ఎర్రగా ఉంటే నీళ్ళు కట్ట గర్భాన్ని తొలుస్తున్నాయని అర్థం. అప్పుడు దుప్పి అవ్వ పిల్లలని తోలుకుని పక్కనున్న రాతిగుట్ట ఎక్కెయ్యాలి.

ఎన్ని వానలు వచ్చినా ముద్ద ఎప్పుడూ నల్లగానే వెళ్ళింది. "రోజూ పోయేదే కదా, దానికి గురిగింజ ఎందుకు? ఎండుటాకు చాలు" అంది పీతమ్మ. అందరూ తలూపారు. రోజూ వచ్చేదానికి విలువ ఇవ్వకపోవడం మనకే కాదు, జంతువులకి కూడా అలవాటే.

ఆ ముద్దని మోసేది ఒక ముసలి పందికొక్కు. అందరూ దాన్ని కొక్కుమావ అనేవారు. కొక్కుమావకి ఆ ముద్ద ఏమిటో, ఎందుకో తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు. "ఆవిడ చుడుతుంది, నేను మోస్తాను. విప్పి చూడ్డానికి అదేమైనా బూరెల మూటా?" అనేవాడు.

ఇలా ఉండగా ఒక వానాకాలం, పొరుగు కొండల దొరలంతా ఒకచోట కలుస్తున్నారని కబురు వచ్చింది. దున్నదొర కొమ్ములు విదిల్చాడు.

"వాళ్ళందరి కళ్ళూ తిరిగిపోవాలి. మన అడవి గొప్ప చూసి నోరు వెళ్ళబెట్టాలి. ఏమేమి పంపగలమో అన్నీ పంపండి!" అన్నాడు.

దొర దగ్గర పెత్తనం చేసేవాడు ఒక కొండముచ్చు. వాడి పేరు తోకరాయుడు. దొర తుమ్మితే వీడు జలుబు తెచ్చుకునే రకం. "చిత్తం దొరా! ఇవాళే మొదలుపెడతాను" అన్నాడు.

అన్నట్టే మొదలుపెట్టాడు. తేనెపట్లు, వెదురు మొలకలు, పనసకాయలు. మోసేవి అడవిపందులు. ప్రతి పంది మెడలోనూ ఒక గురిగింజ.

పట్టక్క మొదటి పందిని ఆపింది.

"ఏం మోస్తున్నావ్?" అంది.

"తేనె" అంది పంది.

"తేనెకి అంత తొందరేమిటి? ఎవరికైనా ప్రాణం మీదికి వచ్చిందా?"

వెనకనుంచి తోకరాయుడు ముందుకి గెంతాడు. "దొరవారి మోత అది. దొరవారిది ఎప్పుడూ తొందరే. గురిగింజ ఉందా లేదా? ఉంటే వదలాలి. మీ అమ్మ పెట్టిన కట్టుబాటు నీకే చెప్పాలా?"

గురిగింజ ఉంది. కట్టుబాటూ ఉంది. పట్టక్క నాలుక బయటికి చాచి, లోపలికి లాక్కుని, పక్కకి తప్పుకుంది. పందులు ఒకదాని తర్వాత ఒకటి దాటాయి.

ఇది చూసింది ఒక నక్క. మధ్యాహ్నానికల్లా అదీ వచ్చింది. నోట్లో పాత ఎముక, మెడలో గురిగింజల దండ.

"ఒకటి చాలు కదా, దండ ఎందుకు?" అంది పట్టక్క.

"నాది మరీ తొందర పని అక్కా. మా పెద్దమ్మకి ఈ ఎముకంటే చచ్చేంత ఇష్టం" అంది నక్క.

"ఈ ఎముక పోయినేడాది నుంచి నీ బొరియ ముందే పడి ఉంది."

"అదే కదక్కా, ఇప్పటికే ఆలస్యం అయిపోయింది!"

ఆ తర్వాత నెమలి వచ్చింది. రాలిన ఈకలు పట్టుకుని, గురిగింజ పెట్టుకుని మొదటి వరసలో దూరింది. నక్క దాన్ని చూసి, "రాలిన ఈకలకి కూడా గురిగింజా? సిగ్గు లేదూ?" అంది. గురివింద గింజకి తన కింద నలుపు కనపడదంటారు, అది ఇదే.

ఇంకేముంది? సాయంత్రానికి అడవంతా గురిగింజలే. ఎలుగుబంటికి తొందర, అడవికోడికి తొందర, నిద్రపోయే కొండచిలువకి కూడా తొందర. మొదటి వరస కొండ మలుపు దాకా సాగింది. అందరూ తొందరవాళ్ళే కనుక ఎవరూ తొందరగా వెళ్ళలేదు. పచ్చాకు వరస అప్పుడప్పుడు రవ్వంత జరిగింది. ఎండుటాకు వరస అసలు కదల్లేదు.

ఆ వరసలో కొక్కుమావ టేకాకు మూట పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. ముసురు పట్టింది. వాన సన్నగా మొదలైంది.

"అమ్మాయ్, పొద్దు వాలిపోతోంది. నా ముద్ద?" అన్నాడు.

"గురిగింజలు ఉన్నాయి మావా. అవి అయ్యాక" అంది పట్టక్క.

"అవి అయ్యేలా లేవు."

"కట్టుబాటు కట్టుబాటే."

కొక్కుమావ గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. దారిలో ముద్దని విసిరేశాడు. తిట్లు పడతాయని పీతమ్మకి చెప్పలేదు. పట్టక్క తలెత్తి అవతలి గట్టు చూసింది. అక్కడ దుప్పి అవ్వ వానలో నిలబడి ఉంది. ముద్ద కోసం చాలాసేపు చూసి, తల వంచుకుని పల్లంలోకి దిగిపోయింది. పట్టక్కకి మనసులో ఏదో గుచ్చుకుంది. ఒక్కరోజే కదా అని సర్దిచెప్పుకుంది.

రెండో రోజూ అంతే. వాన జోరు పెరిగింది, గురిగింజల వరసా పెరిగింది. కొక్కుమావ ఈసారి గట్టిగానే అరిచాడు.

"ఏమే అమ్మాయ్, ఎండుటాకు వాళ్ళం చచ్చామా బతికామా? నీ వరసలో నిలబడి నిలబడి నా ఎండుటాకు మళ్ళీ చిగురు వేసేలా ఉంది!"

వరసల్లో అందరూ నవ్వారు. పట్టక్క నవ్వలేదు. నవ్వలేదు గానీ, వదలనూ లేదు. "కట్టుబాటు" అంది మళ్ళీ. పిల్లలూ, చూశారా, పట్టు ఉండటం మంచిదే. ఏం పట్టుకున్నామో చూసుకోకుండా పట్టుకుంటే అది వట్టి మొండితనం. ఆ రోజు సాయంత్రం కూడా దుప్పి అవ్వ గట్టు మీదికి వచ్చింది. ఉత్త దుంగని చూసి వెనక్కి వెళ్ళింది. ముద్ద రాలేదని పిల్లలని గుట్ట ఎక్కిద్దామంటే, ఆ గుట్ట మీద గడ్డి లేదు, నీడ లేదు, పైగా పాములు. ఊరికే ఎలా ఎక్కిస్తుంది పాపం?

మూడో రోజు వాన కుండపోతగా కురిసింది.

ఆ రోజు దున్నదొర స్వయంగా దుంగ దగ్గరికి వచ్చాడు. అడవిలోకెల్లా పెద్ద తేనెపట్టుని ఆ రోజే పంపుతున్నారు. నాలుగు పందులు కలిసి మోస్తే గానీ కదలని పట్టు అది. దాన్ని ముక్కలు చేసి, ముక్కకొక పందిని పెట్టి, ప్రతి పందికీ ఒక గురిగింజ కట్టారు. వానకి అందరూ ముడుచుకుపోయారు. దొర మాత్రం కదలకుండా నిలబడ్డాడు. దున్న మీద వాన కదా, దానికేం లెక్క!

మొదటి పంది దుంగ మీద కాలు పెట్టబోయింది. సరిగ్గా అప్పుడే ఎండుటాకు వరసలోంచి కొక్కుమావ గోల మొదలుపెట్టాడు.

"చూడండర్రా, నా గతి చూడండి! రోజూ ముద్ద పొడిగా, బుద్ధిగా ఉండేది. ఇవాళ ఆ పీతమ్మ నీళ్ళ ముద్ద ఇచ్చింది. 'పరిగెత్తు మావా, పరిగెత్తు' అంది. ఆవిడ రోజూ అదే అంటుంది అనుకోండి. ఇక్కడ కూర్చోబెట్టి కూర్చోబెట్టి, ఇదిగో, కారి కారి నా మీసాలు, నా గడ్డం, నా పొట్ట, అంతా ఎర్రగా తయారయ్యాను! ఈ ముసలి వయసులో నాకీ సింగారం అవసరమా?"

వరసల్లో మళ్ళీ నవ్వులు. పట్టక్క తల తిప్పి చూసింది. కొక్కుమావ మీసాల చివర్ల నుంచి ఎర్రటి నీళ్ళు కారుతున్నాయి.

ముద్ద ఎర్రగా ఉంది. కట్ట గర్భం కోసుకుపోతోంది. అవతల పల్లంలో పిల్లలు గడ్డి మేస్తున్నారు. రెండు రోజులు దుప్పి అవ్వ గట్టు మీదికి వచ్చి వట్టి చేతులతో వెనక్కి వెళ్ళింది. ఆ ముద్దలు ఆపింది ఎవరు? తనే.

"ఆగండి!" అని అరిచింది పట్టక్క. "దుంగ ఎవరూ ఎక్కొద్దు! కొక్కుమావా, నువ్వు ముందుకి రా!"

పంది కాలు వెనక్కి తీసుకుంది. తోకరాయుడు ఎగిరిపడ్డాడు.

"ఇదేం విడ్డూరం! గురిగింజ కన్నా ఎండుటాకు ముందా? మీ అమ్మ పెట్టిన కట్టుబాటుని నువ్వే మీరతావా?"

"మీరతాను" అంది పట్టక్క. "మా అమ్మ పెట్టినప్పుడు గురిగింజ అంటే తొందర. ఇప్పుడు గురిగింజ అంటే దొర. మాట మారిపోయాక కట్టుబాటు ఎక్కడుంది? దొరా, మడుగు కట్ట తెగబోతోంది. పీతమ్మ ఎర్రముద్ద పంపింది. ఇది అవతలికి చేరాలి. ఇప్పుడే చేరాలి."

దున్నదొర ముక్కుల్లోంచి బుస్సుమని గాలి వదిలాడు.

"ఆ కట్టని నా గిట్టలతో నేను తొక్కి గట్టిపరిచాను. నా గిట్టలు తొక్కిన కట్ట తెగుతుందా? ఒక పీత చెప్పిందని, ఒక పందికొక్కు మోసిందని నేను నమ్మాలా?"

"అదీ మాటంటే!" అన్నాడు తోకరాయుడు. "పీతకి వానొస్తే భయం, ఎండొస్తే భయం. ముందు దొరవారి తేనె పోనీ. నీ బురద వెనకాల పంపుకుందువులే."

"నీళ్ళకి దొరెవరో తెలియదు దొరా. ముందు బురద. తర్వాతే తేనె" అంది పట్టక్క.

దొరకి ఎదురు మాట చెప్పినవాళ్ళని ఆ కొండ మీద ఎవరూ చూడలేదు. నక్క మెల్లగా నెమలి వెనక్కి చేరింది.

దున్నదొర కళ్ళు ఎర్రబడ్డాయి. "నిన్ను కొలువులోంచి తీసేశాను. పక్కకి పో!" అని గర్జించాడు.

"తీసెయ్యండి" అంది పట్టక్క. "కొలువులోంచి తియ్యగలరు. దుంగ మీంచి తియ్యండి, చూద్దాం!"

అని గబగబా పాకి, దుంగ మొదట్లో అడ్డంగా పడుకుంది. నాలుగు కాళ్ళ గోళ్ళూ మద్దిబెరడులోకి దింపింది. తోకని దుంగ కిందికి చుట్టింది. పొట్ట నొక్కి పెట్టింది.

"లాగండి దాన్ని!" అన్నాడు తోకరాయుడు.

పందులు వచ్చి లాగాయి. కదల్లేదు. ఎలుగుబంటిని పిలిచారు. అది నడుం పట్టుకుని లాగింది. కదల్లేదు. తోకరాయుడు తనే వచ్చి తోక పట్టుకుని వేలాడాడు. తోక చర్మం చిట్లింది, నెత్తురు వచ్చింది. పట్టక్కకి కళ్ళముందు చుక్కలు కనిపించాయి. నొప్పికి ఏడుపొచ్చింది, ఏడ్చింది కూడా. పట్టు మాత్రం వదల్లేదు.

"మావా! చూస్తావేం? నా మీంచి ఎక్కి పో!" అని అరిచింది.

కొక్కుమావ మూట నోట కరుచుకుని వచ్చి ఆగాడు. "నా కాళ్ళకి బురదుంది అమ్మాయ్" అన్నాడు నసుగుతూ.

"తొక్కు మావా! తొక్కి పరిగెత్తు!"

కొక్కుమావకి అప్పుడు కూడా ముద్ద సంగతి పూర్తిగా అర్థం కాలేదు. కానీ పట్టక్క ఏడుస్తూ అరవడం ఎప్పుడూ చూడలేదు. అంతే, ఆ ముసలి పందికొక్కు పట్టక్క వీపు తొక్కి, తల తొక్కి, దుంగ మీద పరుగు అందుకున్నాడు.

దున్నదొర దుంగ మీద ఒక గిట్ట వేశాడు. దుంగ కిర్రుమంది.

"వెయ్యండి దొరా, రెండో గిట్ట కూడా వెయ్యండి" అంది పట్టక్క, తల ఎత్తకుండానే. "ముగ్గురి బరువుకి దుంగ విరుగుతుంది. మావ పోతాడు, నేనూ పోతాను. ఆ తర్వాత మీ తేనె ఏ దారిన పోతుందో తోకరాయుణ్ణి అడగండి."

దొర రెండో గిట్ట గాల్లోనే ఆగింది. తమ మీద జాలేసి ఆగిందని పట్టక్క అనుకోలేదు. తేనె మీద జాలేసి ఆగింది. ఏదైతేనేం, ఆగింది.

కొక్కుమావ అవతలి గట్టు చేరాడు. దుప్పి అవ్వ ముద్ద కోసం అప్పటికే వచ్చి అక్కడే ఉంది. టేకాకు విప్పింది. ఒక్క క్షణం చూసింది. మరుక్షణం దాని కేక కొండంతా మోగింది. పల్లంలో పిల్లలు తలలెత్తారు. దుప్పి అవ్వ వెనకనుంచి తరిమింది, కొమ్ములు లేని తలతోనే పొడిచింది, గుట్ట ఎక్కనన్నవాళ్ళని కొరికింది. కుందేలు పిల్లలు, లేడి పిల్లలు, పంది పిల్లలు రాళ్ళ మీదికి ఎగబాకారు. కొండముచ్చు పిల్లలు అన్నిటికన్నా ముందు ఎక్కి వెనకాలవాళ్ళకి చేతులందించారు. చిట్టచివర ఒక బొద్దు దూడ ఉంది. అది నోట్లో ఉన్న గడ్డి వదలకుండా, నములుకుంటూ, తాపీగా ఎక్కింది.

ఆ దూడ వెనక కాళ్ళు రాతి మీద పడ్డాయో లేదో, కొండ కొసన ఉరుము ఉరిమినట్టు చప్పుడైంది. అది ఉరుము కాదు. కట్ట తెగింది. ఎర్రటి నీళ్ళు లోయ మలుపు తిరిగి పల్లంలో పడ్డాయి. లేతగడ్డి మునిగింది. పొదలు మునిగాయి. పిల్లలు ఇందాక మేసిన చోట ఇప్పుడు ఒక చెట్టు మొదలుతో సహా కొట్టుకుపోతోంది.

ఇవతల గట్టు మీద అందరి కళ్ళూ ఆ నీళ్ళ మీదే. పందులు తేనె కింద పెట్టేశాయి. నక్క మెడలో దండ మెల్లగా తెంపుకుంది. తోకరాయుడి చేతిలో పట్టక్క తోక ఇంకా అలాగే ఉంది. వాడి పిల్లలు కూడా ఆ గుట్ట మీదే ఉన్నారు. వాడికి అప్పుడు గుర్తొచ్చింది.

దున్నదొర తన దూడని చూశాడు. చాలాసేపు చూశాడు. దుంగ మీది గిట్ట మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

తోకరాయుడే ముందు తేరుకున్నాడు. అలాంటివాళ్ళే ముందు తేరుకుంటారు. తోక వదిలి చేతులు నలుపుకుంటూ, "అక్కా, అక్కడ దొరవారి బిడ్డ ఉన్నాడని ముందే ఒక్క మాట చెప్పి ఉంటే వదిలేసేవాళ్ళం కదా! ఇంత గొడవ ఎందుకు?" అన్నాడు.

పట్టక్క అప్పుడు గోళ్ళు బెరడులోంచి లాక్కుంది. లేచి నిలబడింది. తోక ఇంకా నెత్తురోడుతోంది.

"అందుకే చెప్పలేదు" అంది. "దొర బిడ్డ ఉన్నాడని వదిలితే అది కూడా గురిగింజే అవుతుంది. అక్కడ ఒక్క కుందేలు పిల్ల ఉన్నా నేను ఇలాగే పడుకునేదాన్ని. రేపు దొర దూడ అక్కడ లేని రోజున కూడా ఇలాగే పడుకుంటాను. ఇంకో మాట. రెండు రోజులు ఆ ముద్దని ఆపింది నేనే. ఆ రెండు రోజుల్లో ఎర్రముద్ద వచ్చి ఉంటే ఈ పిల్లల చావు నా మెడకి చుట్టుకునేది. గురిగింజని చూశాను గానీ మోతని చూడలేదు. ఇకమీదట మోతనే చూస్తాను. ఇష్టం లేనివాళ్ళు తేనె నెత్తిన పెట్టుకుని పాకుడు రాళ్ళ మీద దిగండి!"

ఎవరూ దిగలేదు.

ఆ రోజే పట్టక్క అందరి మెడల్లోని గురిగింజలూ ఊడబెరికి లోయలోకి విసిరేసింది. "ఎవరి గుర్తు వాళ్ళు కట్టుకోవడం ఇక లేదు. మూట విప్పండి. నేను చూస్తాను. గుర్తు నేను కడతాను" అంది. "అన్నీ గురిగింజలే వరసగా పోవడం కూడా లేదు. కొన్ని గురిగింజలు పోయాక ఒక పచ్చాకు పోవాలి. కొన్ని పచ్చాకులు పోయాక ఒక ఎండుటాకు పోవాలి. ఏ వరసా పూర్తిగా ఆగకూడదు. ఇక పీతమ్మ ముద్దకి వరసే లేదు. అది వస్తే దుంగ మీద ఎవరున్నా గబగబా దాటెయ్యాలి, ముద్ద పోవాలి. అది నల్లగా ఉన్నా సరే, ఎర్రగా ఉన్నా సరే."

"నల్లగా ఉంటే కూడా ఎందుకక్కా?" అని అడిగింది నెమలి.

"నల్లది రోజూ పోతేనే ఎర్రది ఎప్పుడు వచ్చిందో తెలుస్తుంది" అంది పట్టక్క.

కొలువులోంచి తీసేశానన్న మాటని దొర మళ్ళీ ఎత్తలేదు. పట్టక్కా అడగలేదు. వెళ్ళి తన చోట తను కూర్చుంది, అంతే. పీతమ్మ కూడా బతికే వచ్చింది. ఒక కాలు పోయింది గానీ, పీతకి కాళ్ళకేం కొదవ? కొత్త కట్ట కట్టినప్పుడు దగ్గరుండి ఒక్కొక్క గంప మట్టినీ తిట్టి మరీ వేయించింది.

వానలు వెలిశాక దున్నదొర మళ్ళీ దుంగ దగ్గరికి వచ్చాడు. ఈసారి తోకరాయుడు రాలేదు. వెనక ఒక్క పంది. దాని వీపు మీద తేనె. అలవాటు చొప్పున దొర మొదటి వరసలో నిలబడ్డాడు.

"మోత ఏమిటి దొరా?" అంది పట్టక్క.

"తేనె."

"తేనె చెడదు. ఎండుటాకు. మూడో వరస."

"నేను దొరని" అన్నాడు దున్నదొర.

"తెలుసు. నేను అడిగింది మోత ఏమిటని."

దొర కొమ్ములు ఒకసారి విదిల్చాడు. తర్వాత ఏమనుకున్నాడో, వెళ్ళి మూడో వరస చివర నిలబడ్డాడు. ముందర ఒక ముళ్ళపంది, దాని ముందర ఒక తాబేలు. ఇంతలో కొక్కుమావ టేకాకు మూటతో వచ్చి, అందరినీ దాటుకుంటూ, దొర పక్కనుంచి దర్జాగా మీసం దువ్వుకుంటూ ముందుకి పోయాడు. ఎవరూ అడ్డు చెప్పలేదు.

కాసేపటికి దొర మెల్లగా అడిగాడు. "నా వంతు వస్తుందంటావా?"

"వస్తుంది దొరా" అంది పట్టక్క. "ఇప్పుడు ఆ వరస కూడా కదులుతుంది."

నీతి: అందరూ "నాదే ముందు" అంటే నిజంగా ముందు పోవలసింది వెనకబడిపోతుంది. దారి కాసేవాళ్ళు మెడలో గుర్తుని కాదు, వీపు మీద మోతని చూడాలి. ఆ మాట మీద నిలబడటానికి దొరకైనా ఎదురు చెప్పాలి.